గీత మిగిలిన పలక

"ముప్పై ఐదున్నర!" అని ఎమీల్ కిటికీలోంచి కేకేశాడు.

"ముప్పై ఐదున్నర," అని వాకిట్లోంచి రోద్రీగ్ తిరిగి చెప్పాడు. వెంటనే రంపం మిషను గుయ్యిమంది.

అంగుళాల్లో కొలత వినగానే తిరిగి చెప్పడం వాళ్ల పనిలో పద్ధతి. చెప్పకపోతే వినలేదని లెక్క. లూయిస్టన్ ఊళ్లో పాత ఇళ్ల గోడలకి నడుమెత్తున చెక్క పలకలు బిగించే ఈ బావా బావమరుదులు మీసాలు వచ్చిన నాటి నుంచీ ఇలాగే బతికారు. ఎమీల్ మోకాళ్లకి తోలు తొడుగులు కట్టుకుని లోపల మేకులు కొడతాడు. రోద్రీగ్ బయట కోస్తాడు. కోసేటప్పుడు పెన్సిల్ గీతని పలక మీదే మిగులుస్తాడు. వెంట్రుకవాసి ఎక్కువుంటే చిత్రిక పట్టి సరిచేసుకోవచ్చు. పొట్టిదైతే పొయ్యిలోకే. "గీత దాటావంటే మళ్లీ అతికించలేవురా, తొందర వెధవా," అని బావమరిదిని వెక్కిరించేవాడు, వెక్కిరింతలు ఉన్న రోజుల్లో.

ఆ రోజులు పోయి రెండు చలికాలాలైంది. రోద్రీగ్ భార్య జానీన్, ఎమీల్‌కి ఒక్కగానొక్క అక్క, దగ్గుతో మంచం పట్టి పోయింది. సమాధి దగ్గర మంచులో నిలబడి, నలుగురి ముందూ ఎమీల్ అనేశాడు. "నువ్వు ముందే డాక్టరుకి చూపించుంటే అక్క బతికేది."  మర్నాడు రోద్రీగ్ మామూలుగానే పనిలోకి వచ్చాడు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా కొలతలే నడుస్తున్నాయి. రోద్రీగ్ కాళ్లావేళ్లా పడ్డా జానీనే ఆస్పత్రికి రానని మొండికేసిందట. పక్కింటావిడ ఆ సంగతి చెప్పాక ఎమీల్‌కి రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. అయినా నోరు పెగల్లేదు. అంత పిరికివాడు.

ఈ రోజుతో పని ఆఖరు. రేపు రోద్రీగ్ ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. రంపానికి బేరం కూడా కుదిరింది. ఈ భోజనాల గది పూర్తయ్యేలోపు ఎమీల్ ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

పొద్దున ట్రక్కులో చెబుదామనుకుని రేడియో పెట్టాడు. మధ్యాహ్నం మెట్ల మీద రోద్రీగ్ చల్లారిన మాంసం రొట్టె తింటుంటే పక్కన చేరి గొంతు సవరించుకున్నాడు.

"ఈ మూల గోడ వంకర," అన్నాడు.

"వంకర," అన్నాడు రోద్రీగ్. రొట్టె సగం తిని పక్కన పెట్టేశాడు. ముఖం పాలిపోయి ఉంది. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. ఏమైందని అడగాల్సింది. అడగలేదు.

ఇంటావిడ బ్రెండా కాఫీ తెచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏంటయ్యా, పొద్దుట్నుంచీ అంకెలే! విడాకులు తీసుకున్న నా మొగుడే నయం, ఫోన్ చేసి తిట్టనైనా తిడతాడు."

"ఆయనకి మాటలంటే పడదమ్మా," అన్నాడు ఎమీల్. పచ్చి అబద్ధం. ఒకప్పుడు చర్చిలో పక్కవాళ్లని నవ్వించి ఫాదరు చేత చీవాట్లు తిన్న మనిషి రోద్రీగ్.

సాయంత్రానికి గోడల మీది పాత పూల కాగితం నడుమెత్తు దాకా, ఒకదాని గాడిలో ఒకటి దిగే తెల్లటి పలకల వెనక్కి వెళ్లిపోయింది. కిటికీ పక్కన ఒక్క పలక పట్టేంత చోటు మిగిలింది. ఎమీల్ కొలిచి కేకేశాడు. రోద్రీగ్ తిరిగి చెప్పాడు. గొంతు కాస్త బలహీనంగా ఉంది. రంపం గుయ్యిమని ఆగింది.

ముఖం చూస్తే చెప్పలేనని ఎమీల్‌కి తెలుసు. అందుకే గోడవైపు తిరిగి, కొలత చెప్పినట్టే గట్టిగా అన్నాడు.

"బావా! అక్క విషయంలో నీ తప్పేం లేదు. నేనలా అని ఉండకూడదు."

బావా అని పిలిచి రెండేళ్లయింది.  బయటి నుంచి ఏమీ వినబడలేదు. ఎందుకు పలుకుతాడు, నేనైతే పలుకుతానా, అనుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు.

"బావా, వినబడిందా?"

తలుపు తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు. రోద్రీగ్ పలకల దొంతి మీద కూర్చుని, కిటికీ కింద గోడకి వీపు ఆనించి ఉన్నాడు. చెవి మీద పెన్సిల్ అలాగే ఉంది. ఎమీల్ భుజం పట్టుకుని ఊపితే తల పక్కకి వాలిపోయింది.

"తిరిగి చెప్పు బావా. ఒక్కసారి తిరిగి చెప్పు," అని ఎమీల్ ఆ చెక్కపొట్టులో మోకాళ్ల మీద కూలబడ్డాడు. కేక విని వచ్చిన బ్రెండా ఫోన్ కోసం లోపలికి పరుగెత్తింది.

విని పోయాడా, వినకుండానే పోయాడా? అది చెప్పగల మనిషి లేడు. ఆంబులెన్సు వాళ్లు దుప్పటి ముఖం మీదికి లాగారు. ఎమీల్ కూడా బండి ఎక్కి, ఆ చల్లటి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

రంపం పక్కన ఆఖరి పలక ఉండిపోయింది, చివర పెన్సిల్ గీత మిగిలి.