కొమురయ్య తుపాకి, దాని మీద మూడు అర్జీలు

బొంతపల్లి శివారులో కొమురయ్యకు రెండెకరాల మక్క చేను, ఒక తుపాకి ఉన్నాయి. పంట రక్షణ కోసమని 1986లో వాళ్ల నాయన తెచ్చిన తుపాకి అది. ఆయన పోయాక లైసెన్సు కొమురయ్య పేరుకు మారింది. చివరిసారి పేలింది 2009లో. ఆ రోజు కూడా పంది చావలేదు. మిగిలిన రెండు తూటాలు బియ్యం డబ్బా వెనక ఉంటాయి.

రోజూ సాయంత్రం ఆరింటికి కొమురయ్య తుపాకి భుజాన వేసుకుని, దగ్గుకుంటూ చేను చుట్టూ ఒకసారి తిరుగుతాడు. అడవిపందులు రావు. పక్క చేలను మాత్రం అవి ఏటా దున్నిపోయేవి. విసిగి ఆ రైతులు అమ్ముకున్నారు. అక్కడ నూట నలభై ఇళ్ల కాలనీ లేచింది. కాలనీ కట్టిన కంపెనీ మనిషి నెలకోసారి వచ్చి, "చేను ఎప్పుడిస్తవ్ తాతా?" అని అడుగుతాడు.

"తుపాకి ఉన్నన్ని రోజులు ఇయ్య. పందులు తినపట్టినంక చూద్దాం" అంటాడు కొమురయ్య.

ఈ ఏడు లైసెన్సు రెన్యువల్‌కు వచ్చింది. ఇళ్ల మధ్య తుపాకి ఉండకూడదని కాలనీ సంఘం తీర్మానం చేసింది.

సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి. గేటు ఎదురుగా జిరాక్సు షాపు ముందు బల్ల వేసుకుని యాదన్న అర్జీలు రాస్తాడు. కొమురయ్యకు ఇలా రాశాడు: "ఈ తుపాకి లేనిదే మా శివారులో వ్యవసాయం లేదు." వెనక నిలబడిన స్నేహలతకు తర్వాతి కాగితం మీద ఇలా రాశాడు: "ఈ తుపాకి ఉన్నంతకాలం మా శివారులో పిల్లలు ఆడుకునే వీలు లేదు." స్నేహలత కాలనీ సంఘం కార్యదర్శి. మందుల కంపెనీలో నాణ్యత విభాగంలో పని చేస్తుంది.

"ఇద్దరికీ నువ్వే రాస్తవా యాదన్నా?" అన్నాడు కొమురయ్య.

"నాకు పార్టీ లేదన్నా. పెన్ను ఉంది."

"అంకుల్, మీ దగ్గర పెన్ను ఉందా?" అంది స్నేహలత. కొమురయ్య ఇచ్చాడు. ఆ పెన్నుతోనే ఆమె ఆయన లైసెన్సు రద్దు కోరుతూ సంతకం చేసి, మూత పెట్టి తిరిగి ఇచ్చింది.

"మీ మీద కోపం కాదు అంకుల్. అమెరికాలో చూడండి, ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చేసరికి బడుల్లో కాలుస్తున్నారు."

"అక్కడ మక్క చేన్లు లెవ్వా?"

"ఉన్నాయి."

"మరి చేన్ల కాల్సుకోక బడిల ఏం పని వాళ్లకు?"

"అదే నేనూ అడిగేది. చట్టం గట్టిగా ఉండాలి. మీకు ఇస్తే రేపు ఇంకొకరు అడుగుతారు."

"పందులకు గూడ ఒక తీర్మానం పంపు బిడ్డా. అవి ఒప్పుకుంటే నేను ఇయ్యాల్నే తుపాకి అప్పజెప్త" అంటూ కొమురయ్య దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. జిరాక్సు షాపులో వాళ్లు తిరిగి చూశారు.

"ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

"ముప్పై ఏండ్లు. బీడీ."

"మా కంపెనీ సిరప్ ఉంది. తెచ్చిస్తాను."

అర్జీ ఇచ్చినంత మాత్రాన పని కాదని ఇద్దరికీ తెలుసు. బుధవారం ఇద్దరూ ప్రహ్లాద్ ఇంటికి వెళ్లారు. ప్రహ్లాద్ పదవి లేని నాయకుడు. ఫోన్లు చేస్తాడు. కొమురయ్య తెచ్చిన శాలువా కప్పించుకుని తహసీల్ ఆఫీసుకు ఫోన్ కలిపాడు. "మనోడే. రైతు. జెర చూడుర్రి." స్నేహలత శాలువా తేలేదు. అనుచరుడు అదే శాలువా తీసి, మడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె మళ్లీ కప్పింది. ఫొటో తీశారు. ప్రహ్లాద్ మళ్లీ ఫోన్ కలిపాడు. "నూట నలభై ఇండ్లు. ఇంటికి రెండు ఓట్లు. జెర చూడుర్రి."

బయట స్నేహలత బ్యాగులోంచి రెండు సీసాలు తీసి కొమురయ్యకు ఇచ్చింది. "పొద్దున రెండు చెంచాలు, రాత్రి రెండు."

పన్నెండు రోజులకు ఒక సీసా అయిపోయింది. దగ్గు పోయింది. పదమూడో రోజు చేనులోకి పందులు వచ్చాయి. కొమురయ్య తుపాకితో పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. అవి తల ఎత్తి చూసి, మళ్లీ తినసాగాయి.

ఇంటికొచ్చి భార్య మల్లమ్మకు చెప్పాడు.

"వాటికి తుపాకి ఏం తెలుసయ్యా?" అంది మల్లమ్మ. "పేలక పదహారేండ్లాయె. దాని సప్పుడు ఇన్న పందులు ఎన్నడో సచ్చినయి. ఇప్పటివాటికి నీ దగ్గు ఒక్కటే ఎరుక."

ఆమె లోపలికి వెళ్లి, తానే దాచిన బీడీల కట్ట తెచ్చి ముందు పెట్టింది. "తాగు."

"నువ్వేనా తాగమంటున్నది?"

"చేను కోసం. నీ కోసం గాదు."

కొమురయ్య పదకొండు బీడీలు తాగాడు. దగ్గు రాలేదు.

"మందు మంచిదే" అన్నాడు.

నాలుగు రోజుల్లో పందులు చేను దాటి కాలనీకి వెళ్లాయి. పార్కులో గడ్డి తవ్వాయి. నడక దారి పక్క మొక్కలు పీకాయి. స్నేహలత పొద్దున్నే వచ్చింది.

"అంకుల్, తుపాకి ఉంది కదా, ఎందుకొస్తున్నాయి?"

కొమురయ్య మల్లమ్మ వైపు చూశాడు. మల్లమ్మ పొయ్యి వైపు చూసింది.

"లైసెన్సు మాట తేలలేదని కాల్చడం లేదా?" అంది స్నేహలత. "లైసెన్సు ఇమ్మని మా సంఘం తరఫున మేమే రాసిస్తాం. గాల్లోకి మాత్రమే కాల్చాలి."

యాదన్న మూడో అర్జీ రాశాడు. ఆమె దాన్ని పట్టుకుని ప్రహ్లాద్ దగ్గరికి వెళ్లింది.

"మేడం, మీ కోసం నిన్ననే మల్ల ఫోన్ చేసిన. రద్దు చేస్తమన్నరు. ఇయ్యాల ఉల్టా చెప్తే నా మాటకేం ఇజ్జత్ ఉంటది? వారం ఆగుర్రి."

విచారణ రెండు రోజుల్లో, శుక్రవారం. డిప్యూటీ తహసీల్దార్ శ్రీధర్ సాయంత్రం పావు తక్కువ ఆరుకు చేను దగ్గర దిగాడు. నారాయణఖేడ్ నుంచి బదిలీ అయి నెల రోజులైంది.

"నాకు ఫోన్లు వచ్చినయి" అన్నాడు. "ఇయ్యమని ఒకటి, ఇయ్యొద్దని రెండు. నేను కండ్లతోటి చూసిందే రాస్త. తుపాకితో పందులు పోతే సిఫారసు. పోకుంటే రద్దు."

మల్లమ్మ, స్నేహలతతో పాటు కాలనీ కట్టిన కంపెనీ మనిషి కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. పిలవని వాడు అతనొక్కడే.

ఏడు పందులు వచ్చాయి. కొమురయ్య తుపాకి ఎత్తి నాలుగు అడుగులు వేశాడు. అవి తింటున్నాయి. "ఏయ్" అని అరిచాడు. తింటున్నాయి. ట్రిగ్గర్ నొక్కాడు. టక్ మంది. రెండో తూటా పెట్టి నొక్కాడు. మళ్లీ టక్ మంది. శ్రీధర్ ఫైలు తెరిచి పెన్ను తీశాడు. కంపెనీ మనిషి ఫోన్ తీశాడు.

అప్పుడు గాలి తిరిగింది. సాయంత్రం ఆరు దాటితే పక్కనున్న మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసన వస్తుంది. బొంతపల్లిలో ఎవరూ దాని గురించి మాట్లాడరు. కాలనీలో మొదటి ఏడాది మాట్లాడారు. శ్రీధర్ రోజూ ఐదింటికే వెళ్లిపోతాడు కాబట్టి అతనికి తెలియదు.

శ్రీధర్ దగ్గాడు. ఆపబోయి ఇంకా దగ్గాడు. ఫైలు కింద పడింది. మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి దగ్గాడు.

ముందు పెద్ద పంది తల ఎత్తింది. తర్వాత ఏడూ చేను చీల్చుకుంటూ అడవి వైపు పరుగెత్తాయి.

స్నేహలత నీళ్ల సీసా ఇచ్చింది. శ్రీధర్ తాగి, కళ్లు తుడుచుకున్నాడు.

"పోయినయా?"

"పోయినయి సార్" అన్నాడు కొమురయ్య.

"తుపాకి చూసేనా?"

మల్లమ్మ అంది: "తుపాకి ఆయన చేతులనే ఉండె సార్."

శ్రీధర్ రాశాడు: "దరఖాస్తుదారు తుపాకితో నిలబడి ఉండగా, నా సమక్షంలో, ఏడు అడవిపందులు పంటను వదిలి వెళ్లాయి. ఒక్క తూటా కూడా పేలలేదు. ప్రజలకు ప్రమాదం లేదు. రెన్యువల్‌కు సిఫారసు చేయడమైనది."

కంపెనీ మనిషి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ప్రహ్లాద్ ఆ సాయంత్రమే రెండు ఫోన్లు చేశాడు. కొమురయ్యతో, "చెప్పిన కదనే, చేయించిన" అన్నాడు. స్నేహలతతో, "వారం అన్న, రెండ్రోజులల్లనే చేయించిన" అన్నాడు.

మర్నాడు మల్లమ్మ కాలనీకి వెళ్లి, మూత తీయని రెండో సీసా స్నేహలత చేతిలో పెట్టింది.

"ఇదీ తాగాలి ఆంటీ. కోర్సు పూర్తి కాలేదు."

"కానియ్యకు బిడ్డా" అంది మల్లమ్మ. "నీ పార్కుల గడ్డి ఉండాల్నంటే, ఇది నీ దగ్గర్నే ఉండనీ."