పౌడరు రాసిన గేర్‌బాక్సు

ఎర్రటి చుక్కను మొదట చూసింది షావుకారు భార్య. ముందు వాకిట్లో కొత్తగా వేయించిన తెల్లబండల మీద, సరిగ్గా కారు పొట్ట కింద, రూపాయి బిళ్ళంత ఉంది. మూడో రోజుకి సాసరంత అయింది. సబ్బు వేసి తోమినా మరక వదల్లేదు. ఆమె గొంతు పెంచలేదు. గుడ్డ పిండుకుంటూ తాపీగా చెప్పింది.

"ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ చుక్క పడుతుంటే పాత ఇనుము వాణ్ణి నేనే పిలుస్తాను. రోజూ ఈ బండలు తోమడానికి నేనేమీ గానుగెద్దును కాను."

ఆమె అన్నదంటే అన్నట్టే. నూనెల కొట్టు నడిపే షావుకారుకి ఆ సంగతి పెళ్ళయిన ఏడాదే తెలిసింది.

ఇంట్లో మిగిలినవాళ్ళకి అది ఇరవై రెండేళ్ళ ముసలి కారు. ఆయన లెక్క వేరు. ఎడమ మోకాలు అరిగిపోయాక క్లచ్ తొక్కడం ఆయన వల్ల కావడం లేదు. ఈ కారుకి క్లచ్ లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. తెల్లారకముందే తనే నడుపుకుంటూ టోకు బజారుకి వెళ్ళాలి, పీపా మూత తీయించాలి, వేలు ముంచి వాసన చూసి సరుకు తీసుకోవాలి. ఆయన వ్యాపారమంతా ఆ వేలి చివరే ఉంది. ఈ కారు పోతే కొడుకు బండిలో వెనక సీటే గతి. కొడుకు మంచివాడే, రానని అనడు. కాకపోతే ఎనిమిదికి గానీ లేవడు. ఎనిమిదికి వెళ్ళినవాడికి బజారులో మిగిలేది పదిమంది వద్దన్న సరుకు.

షావుకారు ఆ చుక్కలో కూడా వేలు ముంచాడు. ఇంజిను ఆయిలయితే నల్లగా ఉండాలి. ఇది ఎర్రగా, పల్చగా జారుతోంది. గేర్‌బాక్సు నూనె అని తేల్చుకున్నాడు. ఎక్కడి నుంచి కారుతోందో మాత్రం తేలలేదు. రెండు షెడ్లలో చూపించాడు. ఇద్దరూ కిందకి వంగి, గేర్‌బాక్సంతా తడిగా ఉందని చెప్పి, మొత్తం దించి విప్పాల్సిందే అన్నారు. ఇంత పాత బండికి అంత పని దండగ అని కూడా అన్నారు.

మూడో షెడ్డు వియ్యంకుడిది. కోడలి తండ్రి ఆయన, ముప్పై ఏళ్ళుగా గేర్‌బాక్సులతోనే కాపురం. ముందే అక్కడికి ఎందుకు పోలేదంటే దానికో వ్యాపారసూత్రం ఉంది. బంధువుతో బేరమాడలేం, బేరమాడలేని చోట సరుకు కొనకూడదు. గురువారం సాయంత్రానికి ఆ సూత్రాన్ని పక్కన పెట్టాడు. సూత్రం పట్టుకుని కూర్చుంటే మోకాలు వంగుతుందా?

వియ్యంకుడు కారుని, కింద దిగి చూసే గుంత మీద నిలబెట్టి, ముందు అడుగుభాగమంతా పొడిగుడ్డతో పొందిగ్గా తుడిచాడు.

"చుక్క పడినచోట కన్నం ఉండదు బావగారూ. నూనె ఎక్కడో పైన పుడుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది, పల్లం చూసుకుని రాలుతుంది. తుడవకుండా చూసినవాడికి అంతా తడే."

తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి గొట్టాల మీద, అతుకుల మీద, గేర్‌బాక్సు చుట్టూ చల్లాడు. షావుకారు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మీ అమ్మాయికి కూడా ఇంత శ్రద్ధగా పౌడరు రాసి ఉండరు."

"మా అమ్మాయి ఎక్కడా కారదు బావగారూ."

ఇద్దరూ కారులో ఊరి చివరిదాకా వెళ్ళొచ్చి మళ్ళీ గుంతలోకి దిగారు. ముందువైపు, గేర్‌బాక్సు నూనె చల్లబడటానికి రేడియేటరుకి వెళ్ళే రబ్బరు గొట్టం అతుకు దగ్గర పౌడరు ఎర్రని ముద్దయింది. ఆ గొట్టం గోరు దిగనంత గట్టిపడి ఉంది. అరగంటలో కొత్తది వేసి బిగించాడు.

శుక్రవారం పొద్దున బండల మీద మళ్ళీ చుక్క. చిన్నదే, కానీ చుక్కే. భార్య పాత ఇనుము వాడి నంబరు వెతికి ఫోను పక్కన పెట్టుకుంది.

ఆ సాయంత్రం మళ్ళీ తుడవడం, మళ్ళీ పౌడరు. ఈసారి కొత్త గొట్టం పొడిగానే ఉంది. గేర్‌బాక్సు నెత్తిన, గాలి ఆడటానికి పెట్టిన చిన్న గొట్టం చుట్టూ తడిసింది. వియ్యంకుడు గడ్డం గీరుకున్నాడు. అందులోంచి గాలి రావాలి గానీ నూనె రాకూడదన్నాడు. బండి వేడిగా, ఇంజిను ఆడుతుండగానే నూనె మట్టం చూపే కొలపుల్ల లాగి చూశాడు. నూనె పైగీత కన్నా రెండు వేళ్ళు ఎక్కువుంది.

"మీరేమైనా పోశారా?"

కారుతోంది కదా, తగ్గుతుందని రోజూ పోశానన్నాడు షావుకారు. ఎప్పుడు చూశారంటే, పొద్దున్నే, బండి చల్లగా ఉండగా, స్టార్టు చేసిన వెంటనే అన్నాడు.

"గీత దాకానే పోశారా?"

షావుకారు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన చెయ్యి ఏ కొలతనీ గీత దగ్గర ఆపలేదు. కొలపాత్ర నిండాక, చూస్తున్న మనిషి మనసు నిండటానికి ఇంకో గరిటె పడాల్సిందే.

"గీత దాకా పోసి, పైన కాస్త కొసరు వేశాను. రోజూ."

వియ్యంకుడు స్టూలు లాక్కుని కూర్చుని నవ్వాడు.

"గేర్‌బాక్సు మీ కొట్టు గిరాకీ కాదు బావగారూ, కొసరుకి సంతోషించదు. చల్లగా ఉన్నప్పుడు తక్కువ చూపిస్తుంది, వేడెక్కాక పొంగుతుంది. చోటు చాలక గాలిగొట్టంలోంచి కక్కింది. ఆ తడి చూసే ఆ రెండు షెడ్లవాళ్ళూ మొత్తం విప్పాలన్నారు."

ఎక్కువైనదంతా గొట్టంతో లాగితే లీటరు సీసా మెడదాకా వచ్చింది. బండి బాగా తిరిగాకే చూడాలని, రెండు గీతల మధ్య ఉంటే చేతులు కట్టుకుని కూర్చోవాలని వియ్యంకుడు రెండుసార్లు చెప్పాడు. తప్పు తనదేనని తేలడం షావుకారుకి నష్టంగా తోచలేదు. తప్పు గేర్‌బాక్సుదైతే బండి పోయేది. తనదైతే పోయేది కాస్త పరువు, అదీ బంధువు దగ్గరే.

"ఈ సంగతి మీ అమ్మాయితో అనకండి."

"రేపటిదాకా అనను."

కూలి ఎంతంటే వియ్యంకుడు మరీ తక్కువ చెప్పాడు. జీవితంలో మొదటిసారి షావుకారు ధర పెంచమని బేరమాడి గెలిచాడు.

శనివారం బజారుకి పోయొచ్చినా చుక్క పడలేదు. ఆదివారం ఇంకా వెలుగు రాకముందే భార్య వాకిట్లోకి వచ్చింది. వంగి, కారు కింద బండ మీద అరచెయ్యి ఆనించి రాసి, దీపం దగ్గరికి వెళ్ళి చూసుకుంది. చెయ్యి శుభ్రంగా ఉంది.

"ఎప్పుడొస్తారు?"

"సరుకు చూడాలి, చెప్పలేను."

ఆమె గేటు తీసి పట్టుకుంది. ఆయన చేరేసరికి బజారులో సగం కొట్లు ఇంకా తలుపులే తీయలేదు. ఆ రోజు మొదటి పీపా మూత ఆయన కోసమే లేచింది.