ఓసెమ్మ పేనిన తాడు

మా పడవలో ఈటె విసిరేది గాస్పర్. నాకు వరసకు అన్న. పడవ ముందుపలక మీంచి ఈటెతో సహా తిమింగలం వీపు మీదికి దూకే మనిషి. ఇరవై ఏళ్లుగా ఆయన వెనకే, మొదటి తెడ్డు నాది. అందుకే ఆయన మొహం కన్నా మడమలే నాకు బాగా తెలుసు.

పోయిన నెల ఈటె దిగింది, గాస్పర్ ఈదుకొచ్చి పడవెక్కాడు, తిమింగలం మునిగింది, ఈటెకు కట్టిన తాడు తెగింది. ఒడ్డుకు రాగానే అందరూ తాడు పేనిన ఓసెమ్మ మీద పడ్డారు. పేనే మనిషి మనసులో కోపం ఉంటే అది తాడులోకి ఎక్కుతుందని మా వాళ్ల నమ్మకం. ఓసెమ్మకు మొగుడు లేడు, పైగా నోరు కాస్త పెద్దది. ఇంకేం కావాలి? ఇక తాడు ముట్టొద్దన్నారు, వేటలో ఆమెకొచ్చే మాంసం వాటా ఆపేశారు. అది ఎండబెట్టి కొండ మీది సంతలో ఇచ్చి మొక్కజొన్న తెచ్చుకుంటేనే ఆమె పొయ్యి వెలిగేది. నెల తిరిగేసరికి ఆమె బుగ్గలు లోపలికి పోయాయి.

ఈ రోజు పొద్దున్న పడవ దించే ముందు ప్రార్థన అయింది. ఎవరి మనసులోనైనా ఏమైనా ఉందా అని పడవ నడిపే సరంగు ఎప్పటిలాగే అడిగాడు. ఉన్నవాణ్ణి సముద్రం మీదికి తీసుకెళ్లం. అడగడం ఆయన వంతు, ఏం లేదని గొణగడం మా వంతు. అప్పటికే సగం మంది పడవ మీద చేతులు వేసేశారు.

గాస్పర్ వెయ్యలేదు.

"తాడు తెగలేదు. నేనే కోశాను," అన్నాడు.

పడవ మునిగిపోతుంటే కొయ్యక ఏం చేస్తావని సరంగు ఆయనకో దారి చూపించాడు. ఆ దారిన పోతే పరువు దక్కేది.

"పడవకేం కాలేదు మామా. నాకు భయమేసింది, కోసేశాను. రోజూ సిలువ గుర్తు వేసుకుని ఆ పలకెక్కుతున్నాను. ఆ చేత్తోనే ఓసెమ్మ కంచం లాగేశాను."

భయపడి తాడు కోసినవాడు మళ్లీ ముందుపలక ఎక్కడు. అది ఆయన తాత, తండ్రి నిలబడిన పలక. తిమింగలానికి ఎదురు నిలిచిన గాస్పర్‌ని ఎన్నోసార్లు చూశాను గానీ, ఇంత పెద్ద మనిషిగా ఎప్పుడూ చూడలేదు.

ఆయన నేరుగా ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ల దగ్గరికి నడిచి, ఓసెమ్మ ముందు ఇసకలో మోకరించాడు. ఆమె తన అరచేతులు చూసుకుంది.

"నిజంగా నా కోపమే ఎక్కిందేమోనని నెల్లాళ్లు ఏడ్చాన్రా," అంది.

ఆయన నా వైపు చూడలేదు. చూస్తాడేమోనని తల దించుకున్నాను. ఆ రోజు కత్తి బయటికి రావడం ఆయన వెనక కూర్చున్న నేను చూశాను.

సరంగు ఇంకెవరికైనా ఏమైనా ఉందా అని మళ్లీ అడిగాడు. ఈసారి నిజంగానే అడిగాడు.

నా తెడ్డు పడవలోంచి తీసి ఇసక మీద పెట్టాను.

"నాకుంది," అన్నాను.