సేటు తల్లి ముఖం

సిరిసిల్లలో నర్మద కొట్టిన జకార్డు అట్టలకు పేరుండేది. గళ్ల కాగితం మీద గీసిన పువ్వును చూసి అట్టకు బెజ్జాలు కొట్టే పని ఆమె తండ్రి దగ్గర నేర్చింది. మగ్గం మీద అడ్డంగా ఒక్కో పేక పోగు పడేటప్పుడు నిలువునున్న ఏ పడుగు దారాలు లేవాలో ఒక్కో అట్ట చెబుతుంది. నలభై అట్టలు దండలా కుడితే ఒక పువ్వు. దండ తిరిగొస్తే మళ్లీ అదే పువ్వు. తప్పుంటే జానెడు బట్టలోనే బయటపడుతుంది, ఒక అట్ట మారిస్తే పోతుంది.

ఆ యేడు ఆమెకు ఒక ముఖానికి అట్టలు కొట్టే పని వచ్చింది. ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు నడిపే సేటుకు, చనిపోయిన తల్లి ముఖం గోడకు వేలాడదీసే బట్టగా కావాలట. ఫోటో పంపాడు. కుదిరితే ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. నర్మద భర్త రాజం అప్పటికే ఇంట్లో మగ్గం వదిలి సోలాపురం బట్టల మిల్లుకు పోతానని కూర్చున్నాడు. అతని అన్న అంబదాస్ అక్కడే ఉన్నాడు. వాళ్ల వాడలో అట్లా పోయిన మగవాళ్లు ముగ్గురు అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నారు.

"గీ మొఖం కుదిరిందనుకో, నేను పోను," అన్నాడు రాజం. "కుదరకపోతె మాత్రం నన్ను ఆపకు."

మూడు నెలలు కొట్టింది నర్మద. పద్దెనిమిది వందల అట్టలు. ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు. తిరిగొచ్చే దండ కాదు కనుక, తప్పెక్కడుందో చివరి పోగు పడేదాకా తెలియదు. రాజం కింద గదవ దగ్గర నేత మొదలుపెట్టి, పైకి పోతూ ఐదో రోజుకు నుదురు ముగించాడు.

సేటు గుమాస్తా సిద్దిరాములు వచ్చి బట్టను వాకిట్లో ఎండకు పట్టి చూశాడు.

"ఓ రాజం, గీమె ఎవలయ్య?"

"సేటు తల్లి, సారూ."

"తల్లా! గింత గుర్రుగ సూస్తుంది, సేటు అత్తనేమో అనుకున్న!" అని పగలబడి నవ్వాడు. మళ్లీ ఫోటో చూసుకుని నవ్వు ఆపాడు. "తమాష కాదు. ఆమె మస్తు సల్లటి మనిషి. గిది తీస్కపోయి ఆయన ముంగట ఎట్ల పెట్టాలె? ఇంకోటి నేయిండ్రి. పది దినాలాగి అస్త."

"అట్టల్లనే ఉంటది తప్పు. మంచిగ సూడు," అన్నాడు రాజం.

మూడు రోజులు ఒక్కో అట్టను కాగితంతో సరిచూసింది నర్మద. ఒక్క బెజ్జం కూడా తప్పు లేదు. ఇక తోచక, సూది మొనతో బట్టలోని పోగులు లెక్కపెట్టింది. బుగ్గ దగ్గర వేలి వెడల్పున ముప్పై పోగులున్నాయి. కళ్ల దగ్గర ముప్పై ఎనిమిది. అక్కడ పేక పోగును దగ్గరికి కొట్టే పన్నె దెబ్బ గట్టిగా పడి పోగులు ఇరుకయ్యాయి. కళ్లు సగం మూసుకున్నాయి, నుదురు ముడుచుకుంది. రేక పొట్టిదైతే పువ్వు పువ్వే. ముఖంలో వెంట్రుకవాసి జరిగితే మనిషే వేరు.

"కండ్లు నేసిన నాలుగో దినం ఏమైంది?" అని అడిగింది.

"ఏమైతది?"

"గీ కాడ నీ చెయ్యి బరువైంది. సూడు."

రాజం బట్ట వైపు చూడలేదు. "అంబదాసన్న జాబు అచ్చింది. మిల్లుల జాగ ఉన్నదట. ఈ నెలల్నే రమ్మన్నడు."

"నాకు చెప్పలే."

"చెప్పి నిన్నెందుకు పరేషాన్ చేసుడని."

"ఏమని రాసినవ్?"

"ఆ దినమే రాసిన, అస్తనని."

అప్పటికి నుదురు ఇంకా నేయనే లేదు. నర్మద లెక్కపెట్టుకుంది. అయినా, "మల్లొక్కసారి నెయ్యి," అని అట్టల దండను తానే ఎక్కించింది.

రాజం మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. ఆమె గోడకు ఆనుకుని వింది. చెయ్యి బరువు కాకూడదని జాగ్రత్త పడ్డాడేమో, మొదట దెబ్బలు మరీ తేలిగ్గా పడ్డాయి. తర్వాత బరువెక్కాయి. మళ్లీ తేలికయ్యాయి. ఏ రెండూ ఒక్క తీరుగా లేవు. ఏ దారం లేవాలో ఆమె చెప్పగలదు. దెబ్బ ఎంత పడాలో ఏ బెజ్జం చెబుతుంది?

"ఇగ చాలు, లెవ్వయ్య," అన్నది.

"ఇంక గదవ సుత కాలే."

"కాదు. లెవ్వు."

మగ్గం ఆగింది. నర్మద లేచి పొయ్యి వైపు నడిచింది.

"సోలాపురం తొవ్వకు సద్ది ఎన్ని పూటలకు కట్టాలె?"

"రెండు," అన్నాడు రాజం, తలెత్తకుండా.