కప్పు విప్పిన రోజు

నేను ఒక కాగితాన్ని. బల్ల మీద పరిస్తే బల్లంతా నేనే. నా ఒంటి మీద పక్కపక్కనే రెండు బొమ్మలుంటాయి. ఒకదాని కింద 'ముందు' అని, రెండోదాని కింద 'తర్వాత' అని రాసి ఉంటుంది. మధ్యలో వేలెడు ఖాళీ. తుఫాను ఆ ఖాళీలో జరిగిపోయింది. గాలి లేదు, కేక లేదు, కెరటం చప్పుడు లేదు. ముందు, తర్వాత. అంతే. మనుషులకి ఇలాంటి శుభ్రమైన కాగితాలంటే మహా ఇష్టం.

నా పుట్టిల్లు ఆకాశం. డేగలు కూడా ఎగరలేని ఎత్తులో ఓ యంత్రపు కన్ను తిరుగుతూ ఉంటుంది. దానికి నిద్ర లేదు, ఎవరి మీదా ప్రేమ లేదు, పగ లేదు. దాని కింద సముద్రం మడత విప్పిన చీరలా జారిపోతూ ఉంటుంది. నురగ ఒడ్డు వెంట సన్నగా వణుకుతుంది. ఏరు ఇసుకలో నిద్దట్లో నడిచే మనిషిలా దారి తప్పి, తప్పి, చివరికి ఉప్పు నీళ్ళలో కలిసి మర్చిపోతుంది. ఆ కన్ను రెప్ప వేసినప్పుడల్లా మాలాంటి బొమ్మ ఒకటి పుడుతుంది. అంత ఎత్తునుంచి చూస్తే లోకం ఎంత బాగుంటుందో! ఆకలి కనపడదు. కంచెలు కనపడతాయి గానీ ఎవరు వేశారో కనపడదు.

ఏప్రిల్లో ఓ పొద్దున, మబ్బు తునక లేని వేళ, నాలో ఒక సగం పుట్టింది. రెండో సగం అక్టోబరులో, తుఫాను దాటిన మూడో నాడు పుట్టింది. ఆర్నెల్ల తేడాతో పుట్టిన కవలలం అనుకోండి. జిల్లా ఆఫీసులో బొమ్మలు అచ్చువేసే గదిలో సునంద అనే ఉద్యోగి మా ఇద్దర్నీ ఒక కాగితం మీదికి చేర్చింది. రంగు ఇంకా ఆరకముందే నన్ను చుట్టి శేషగిరి గారి బల్ల మీద పెట్టింది.

శేషగిరి గారు తుఫాను ఏ ఊళ్ళు తీసుకుపోయిందో జాబితా రాసే అధికారి. చెడ్డ మనిషి కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఆయన కాగితాన్ని నమ్మే మనిషి, అదీ పెద్ద తంటా. ఆ ఒడ్డున ఏనాడూ కాలు పెట్టలేదు. నన్ను చూశాక పెట్టక్కర్లేదనుకున్నాడు.

నా మీద ఉన్నది గవ్వలపేట. చేపలు పట్టేవాళ్ళ పల్లె. గుండ్రటి మట్టి గోడలు, వాటి మీద గొడుగుల్లా తాటాకు కప్పులు, నేలకి జానెడు ఎత్తుదాకా దిగిన చూరులు. అక్టోబరు బొమ్మలో ఇసుక తప్ప ఏమీ లేదు. అది అందరూ అనుకున్నదే. ఏప్రిల్ బొమ్మలోనే వచ్చింది చిక్కు. అందులో గోడలున్నాయి, కప్పులు లేవు. ఒక్క ఇంటికీ లేదు. శేషగిరి గారు ఎర్ర పెన్సిలు తీసి నా మీదే రాశాడు: 'పాడుబడిన గోడలు. తుఫానుకి ముందే నివాసం లేదు.'

ఆ రెండు ముక్కల బరువు మీకు తెలియాలి. ఊరు అని రాస్తే దిబ్బ వెనక మెరక మీద అందరికీ కలిపి ఒకచోట నేల ఇస్తారు. నివాసం లేదని రాస్తే ఆ ఒడ్డు ఖాళీ ఇసుక అవుతుంది, దాని చుట్టూ ఎవడో కంచె కడతాడు, జనం ఎవరి దారిన వాళ్ళు పోవాలి. కార్డులు చూపించవచ్చు కదా అంటారేమో. కార్డులన్నీ మూడు మైళ్ళ అవతలున్న పంచాయతీ పేరు మీద ఉన్నాయి. వాటిల్లో గవ్వలపేట అన్న మాటే లేదు. ఓట్లప్పుడు మాత్రం ఆ పేట ఎక్కడుందో అందరికీ తెలుసు!

జనం పంచాయతీ బడిలో తలదాచుకున్నారు. జాబితాలో తమ పేరు లేదని తెలిసి ముందు మగవాళ్ళు వచ్చారు. చేతులు కట్టుకుని నిలబడి, విన్నపం ఇచ్చి వెళ్ళారు. తర్వాత దాలమ్మ వచ్చింది. చేపల తట్ట మోసి మోసి మెడ గట్టిపడిన మనిషి, నలభై దాటి ఉంటాయి. ఆవిడ విన్నపం తేలేదు. పేరు వచ్చేదాకా కదలనని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. వచ్చిపోయే గుమాస్తాలు ఆవిణ్ణి దాటలేక కిటికీలోంచి కాగితాలు అందించుకున్నారు. మూడో రోజుకి శేషగిరి గారు విసిగిపోయి, నోరు మూయించడానికి నన్ను తెచ్చి ఆవిడ ముందు పరిచాడు.

దాలమ్మ ముందు నన్ను పట్టి తిప్పింది. సముద్రం నా కుడి పక్కన ఉంటే దాన్ని పైకి తెచ్చింది. అలా అడ్డంగా తిప్పుతావేమని ఆయన కసిరాడు. ఆడవాళ్ళం ఒడ్డున నిలబడి సముద్రంకేసే చూస్తాం, ఊరు మాకు అలాగే తెలుసు అంది. ఆ తర్వాత నా మీదికి వంగింది. ఆవిడ ఊపిరి నా మీద పడుతోంది. అంత దగ్గరగా నన్ను ఎవరూ చూడలేదు. నన్ను చూసినవాళ్ళంతా కొలిచినవాళ్ళే.

ఈ బొమ్మ ఏ రోజుదని అడిగింది. సునంద వచ్చి కింద ఉన్న తేదీ చదివి, గురువారం అని చెప్పింది.

దాలమ్మ నవ్వింది. మూడు రోజుల్లో మొదటిసారి.

"లచ్చివోరం! బాబూ, ఇయి పాడు గోడలు కావు. ఆ దినం మా ఊరు తలంటుకున్నాది."

శేషగిరి గారికి అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. గవ్వలపేటలో అమ్మవారి పండగ వెళ్ళిన మొదటి లక్ష్మివారం ఊరు ఊరంతా ఒకేసారి కప్పులు విప్పుతుంది. ఒకడు కొత్తాకు కింద, పక్కవాడు పాతాకు కింద పడుకోకూడదు. అది వాళ్ళ తాతలనాటి కట్టుబాటు. పొద్దు పొడిచేసరికి ఊరు బోడి. మూడు రాత్రులు అందరూ చుక్కల కింద పడుకుంటారు, పిల్లలకి అదే పండగ. నాలుగో నాటికి అందరి నెత్తిన కొత్త తాటాకు. నేను పుట్టింది సరిగ్గా ఆ పొద్దునే. ఏడాదిలో మిగతా రోజులన్నీ వదిలేసి!

నేను అబద్ధం చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టే చూపించాను. అందుకే ఎక్కువ సిగ్గుపడ్డాను.

"చూడమ్మా, ఉపగ్రహం అబద్ధం చెప్పదు" అన్నాడు శేషగిరి గారు.

"సెప్పదు బాబూ. తల ఇరబోసుకున్న దాన్ని ఫొటో తీసి, దీనికి బుర్ర సెడిపోనాదని రాసీసినారు మీరు."

గుమాస్తాలు తలలు దించుకుని నవ్వుకున్నారు. ఆయన నవ్వలేదు. రుజువేమిటి అన్నాడు. అధికారులకి మనిషి ఎదురుగా నిలబడి ఉండటం రుజువు కాదు.

దాలమ్మ వేలితో చూపించింది. ప్రతి గోడ పక్కనా, ఉత్తరం వైపున, నల్లగా ఒక మచ్చ ఉంది. శేషగిరి గారు వాటిని 'పొదలు' అని రాసి ఉంచాడు. అవి దింపి పేర్చిన పాతాకు కుప్పలు. వదిలేసి పోయిన ఊరైతే కప్పు దింపి గుమ్మం పక్కన అంత బుద్ధిగా పేర్చి పెట్టేదెవరని అడిగింది. సునంద నా అసలు రూపాన్ని తెర మీదికి తెచ్చి పెంచింది. ఇంటికొకటి, అన్నీ ఒకే పక్కన, ఒకే వరసన.

"సార్, పొదలు ఇలా వరసలో మొలవవు" అంది మెల్లగా.

ఆ మధ్యాహ్నమే సునంద పాత బొమ్మలన్నీ వెతికింది. మే నెలలో తీసినది ఒకటి దొరికింది. ఒక మూల మసక కమ్మిందని ఎవరూ వాడకుండా పడేసిన బొమ్మ. ఆ మసక పక్కన, ఎండకి మెరుస్తూ, కొత్తాకు కప్పులు. ఇసుక మీద గొడుగులు ఆరబెట్టినట్టు. తేటగా ఉన్న నేను ఊరిని చంపాను. మసకబారిన అది బతికించింది.

శేషగిరి గారు ఆ బొమ్మని నా పక్కన పెట్టి చూశాడు. తర్వాత నా మీద తను రాసినదాన్ని తనే కొట్టేసి, జాబితాలో 'గవ్వలపేట, నివాసం' అని రాశాడు. తప్పయిందని అనలేదు. ఆ మాట రాయడానికి మీ పెన్సిళ్ళకి మొన ఉండదు కాబోలు! దాలమ్మ కూడా ఆ మాట కోసం చూడలేదు. పేరు రాసిన చోటు మీద వేలు పెట్టి, అక్షరాలు రాని ఆ మనిషి, సునంద చేత మూడుసార్లు చదివించుకుంది.

ఇక నేను పనికిరాను. కొట్టివేతలు, ఎర్ర గీతలు, చెమట మరకలు. చుట్టి మూల పడేశారు. వెళ్ళబోతూ దాలమ్మ ఆగి, అది నాకిస్తారా అని అడిగింది. ఇది తప్పు బొమ్మ, ఒప్పుది అచ్చువేసి ఇస్తానంది సునంద.

"వొద్దు తల్లీ. అందల కప్పులే అగపడతాయి. ఇందల ఇంటిలోపల అగపడతాది."

నన్ను మళ్ళీ నేల మీద పరిచింది. ఒడ్డునుంచి మూడో గోడ దగ్గర వేలు ఆపింది. ఆ గుండ్రం మధ్యలో ఆవగింజంత చుక్క. చుక్క కన్నా దాని నీడే పొడుగు. కప్పు విప్పిన ఇంట్లో పొయ్యి ఒంటరిగా ఉండకూడదట. ఇంటికి పెద్దదైన ఆడది కొత్తాకు పడేదాకా దాని పక్కన కూర్చోవాలట.

"మా యత్త పైడమ్మ" అంది. "తుఫానుకి బడికి రమ్మంటే రాలేదు. పొయ్యి ఒంటరిదైపోతాదంది. ఒక్క ఫొటో కూడా లేదు తల్లీ దానిది."

సునంద నన్ను జాగ్రత్తగా చుట్టి, తన జడకున్న రబ్బరు తీసి కట్టి ఇచ్చింది.

ఇప్పుడు నేను మెరక మీద, దాలమ్మ కొత్తింట్లో ఉన్నాను. ఇక్కడ నెత్తిన సిమెంటు రేకులు, ఏటేటా విప్పే పని లేదు. దాలమ్మ నన్ను సగానికి మడిచి గోడకి మేకులు కొట్టింది. 'తర్వాత' అన్నది వెనక్కి, గోడకేసి పోయింది. దాన్ని ఎవరూ చూడరు. ఇటు వైపు ఎప్పుడూ ఏప్రిల్ పొద్దునే. అవతల ఆడవాళ్ళు తాటాకు మోస్తూ ఉంటారు, ఆకాశం ఇంట్లోకి దిగి వచ్చి ఉంటుంది, పైడమ్మ పొయ్యి పక్కన కూర్చుని ఉంటుంది. ఇంకా కొత్తాకు పడలేదు. ఆవిడ లేవదు.