మా అమ్రీన్ కొడకండ్ల ఉద్యోగం

మా ఆయనకు ఒక జబ్బు ఉంది. ఎవరేం అడిగినా నిజమే చెప్తాడు. జనగామలో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పెట్టుకుని, "గీ మిషన్ ఇంకా మస్తు రోజులు నడుస్తది, కొత్తది కొనకు" అని గిరాకీని వెనక్కి పంపే మనిషిని మీరెక్కడైనా చూశారా? పేరు అబ్దుల్ బారీ. ఈ జబ్బుకు ఏ దవాఖానలోనూ మందు లేదు కాబట్టి, పెళ్లయిన నాటి నుంచి ఇంట్లో అబద్ధాల శాఖను నేనే చూసుకుంటున్నాను. డిగ్రీ చదివాను కదా, ఎక్కడో ఒకచోట పనికి రావాలి.

ఆ శాఖలో నేను సాధించిన పెద్ద పని, మా అమ్మాయి అమ్రీన్‌ను కొడకండ్ల బడికి మార్చడం.

అమ్రీన్ బ్యాంకు అప్పుతో బీఈడీ చేసింది. మారుమూల ఊళ్లో మూడేళ్లు పాఠాలు చెప్తే ఆ అప్పు తామే తీర్చేస్తామని ఒక ట్రస్టు ముందుకొచ్చింది. షరతు ఒక్కటే, టీచరు ఆ ఊళ్లోనే ఉండాలి. ఎండ ముదిరాక బస్సు దిగి, నీడ తిరగకముందే మళ్లీ బస్సెక్కే రకం ఉద్యోగాలు కుదరవు. అమ్రీన్ కొత్తగూడ దాటి అడవిలో ఉన్న ఒక తండాకు పోయింది. తుల్సీబాయి అనే ఆమె ఇంట్లో ఒక గది తీసుకుంది. వాగు పొంగి బస్సులు రాని రోజుల్లో బడి తలుపు తీసేది తనొక్కతేనట.

పెళ్లీడు పిల్ల అడవిలో ఒంటరిగా ఉంటోందంటే సంబంధాలు వస్తాయా? అందుకని బడి కొడకండ్ల దగ్గర అని, పొద్దున పోయి సాయంత్రం వస్తుందని వాడంతా చెప్పాను. మరి కనబడదేమని అడిగినవాళ్లను, మునిమాపు వేళ బస్సు దిగే బురఖాల్లో ఎవరు ఎవరో మీకెట్లా తెలుస్తుందని ఎదురడిగాను. సెలవులకు వచ్చినప్పుడు అమ్రీన్‌కు ఈ సంగతి తెలిసింది.

"అమ్మీ, నేనేమన్న దొంగతనం జేసిన్నా? గిట్ల దాస్తున్నవేంది?"

తండ్రి జబ్బే బిడ్డకూ అంటుకుందనుకుని వదిలేశాను.

మూడేళ్లు నిండబోతుండగా పక్కింటి ఖైరున్నీసా ఆపా ఒక సంబంధం తెచ్చింది. పిల్లవాడు డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి. వాళ్ల తరఫు మనిషి చెప్పాపెట్టకుండా వచ్చి పిల్ల గురించి ఆరా తీస్తాడంది. మా వాళ్లలో అది మామూలే. ఆ వారమంతా రోజుకు రెండుసార్లు వాకిలి ఊడ్చాను.

ఒక పొద్దున, భుజానికి సంచి వేసుకుని ఒకాయన రానే వచ్చాడు. డోర్నకల్ నుంచి వస్తున్నానని, అమ్రీన్ గురించి నాలుగు మాటలు తెలుసుకోవాలని అన్నాడు. ఇంకేం కావాలి? కుర్చీ వేశాను, చాయ్ ఇచ్చాను. నోరు తెరవొద్దని మా ఆయనకు కళ్లతోనే చెప్పాను. గోడ మీది నుంచి ఆపాను పిలిచి సాక్ష్యానికి కూర్చోబెట్టుకున్నాను.

అమ్మాయి ఎక్కడ ఉంటుందని అడిగాడు. ఇంట్లోనే అన్నాను. రోజూనా అన్నాడు. ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదని, అడవి ఎట్లా ఉంటుందో కూడా దానికి తెలియదని చెప్పాను. రోజూ సాయంత్రం బస్సుకు వచ్చేస్తుందని, తన కళ్లతో చూసినట్టే ఆపా కూడా చెప్పింది. నా మూడేళ్ల కష్టం ఫలించింది.

ఆయన చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. తన పేరు డేవిడ్ అని, డోర్నకల్‌లో ఉన్న ట్రస్టు ఆఫీసు పంపితే వచ్చానని అప్పుడు చెప్పాడు.

"తండకు గూడ పోయచ్చిన. టీచరమ్మ మా ఇంట్లనే ఉంటదని తుల్సీబాయి ఒట్టు వెట్టి చెప్పింది. టీచర్ల మీద ప్రేమతోటి ఊరోళ్లు గట్లనే చెప్తరని మేం ఇంటికాడ గూడ అడుగుతం. కన్నతల్లే రోజు ఇంటికొస్తదంటే, ఇగ అప్పు మాఫీకి నేనెట్ల రాయాలె అక్కా?"

ఆయన మా ఆయన వైపు తిరిగి, మీరైనా చెప్పండన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ జబ్బుతో నాకు అవసరం పడింది అప్పుడే. మా ఆయన నా ముఖం చూశాడు.

"ఆమె ఎట్ల చెప్తె గట్లనే, సార్."

నయం కావాలని నేను ఇన్నాళ్లు దువా చేసిన జబ్బు సరిగ్గా ఆ ఘడియలో నయమైంది.

ఆపా పక్కనే ఉంది. నిజం చెప్తే డోర్నకల్ సంబంధం ఆమె గడప దాటదు, సాయంత్రానికల్లా వాడంతా నా కథే అవుతుంది. చెప్పకపోతే నా బిడ్డ మూడేళ్లు ఆ వాగులో కొట్టుకుపోతాయి. నేను ముఖమైనా చూడని తుల్సీబాయి దాని కోసం ఒట్టు పెట్టింది. నేనేమో చాయ్ పెట్టి అబద్ధం చెప్పాను.

"ఆపా, నువ్వు గూడ ఇను," అన్నాను. "కొడకండ్ల ముచ్చట ఉత్త అబద్ధం. నా బిడ్డ మూడేండ్ల సంది తండలనే ఉంటున్నది. నలుగురు ఏమంటరోనని నేనే దాసిన. తప్పు నాది సార్, దానిది కాదు."