మూడో నంబరు దగ్గు

తాండూరు అవతల నాపరాయి గనుల పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ మనిషి మొత్తుకుంటే గేటు కూడా దాటదు. మిషన్ మూలిగితే మాత్రం గంటలో హైదరాబాదు చేరుతుంది.

ఎనభై ఏడులో వాళ్లకు కంప్యూటర్ వచ్చింది. దానికొక చల్లటి గది. చెప్పులు విప్పి లోపలికి పోవాలి, దర్గాలోకి పోయినట్టు. బట్టీ వేడెక్కినా, ఫ్యాను ఆగినా, బెల్టు జారినా కంప్యూటర్ టకటకమని ఒక కాగితం కొడుతుంది. అందులో ఉన్నది ఉన్నట్టు టెలెక్స్‌లో హెడ్డాఫీసుకు పంపడం నజీర్ పని. మేనేజర్ దాన్ని ఆపకూడదు, దిద్దకూడదు. మనుషులు తప్పులు దాస్తారు, కంప్యూటర్ దాచదని పైనుంచి హుకుం.

కూలీల సంఘం కార్యదర్శి మొగులప్పకు ఇది చూస్తే ఒళ్లు మండేది. సిమెంటు సంచులు నింపే చోట దుమ్ము పట్టే గుడ్డ తొడుగులు చినిగి ఏడాదయింది. మేనేజర్ రామచందర్ రోజూ వికారాబాదు నుంచి రైల్లో వస్తాడు, అర్జీ చదువుతాడు, "చూద్దాం" అంటాడు, సాయంత్రం మళ్లీ రైలెక్కుతాడు. మూడో నంబరు గొట్టం దగ్గర సంచులు నింపే నర్సప్ప దగ్గి దగ్గి వంగిపోయాడు. పని పోతే బంట్వారంలో ఉన్న మెట్ట చెలక ఇంటిల్లిపాదినీ సాకదు. అందుకని దగ్గును తువ్వాలలో కుక్కుకునేవాడు.

"గా కంప్యూటర్‌కు మన దుమ్ము కనిపియ్యదా?" అని అడిగాడు మొగులప్ప, హోటల్లో చాయ్ తాగుతూ.

"కనిపియ్యదన్నా," అన్నాడు నజీర్. "బట్టీకి వైరున్నది, ఫ్యానుకున్నది. సంచుల కాడ లేదు. వైరు లేకుంటే దానికి ఎరుకనే ఉండది."

"అయితే వైరు మనమే ఏద్దాం. కంప్యూటర్ కొట్టినట్టు నువ్వే ఒకటి కొట్టు."

"యా అల్లా! నా నౌకరీ?"

"ఎవడు చూస్తడే? చెయ్యి పెట్టొద్దని వాళ్లే గద చెప్పిండ్రు!"

నజీర్‌కు నవ్వొచ్చింది. నవ్విన మనిషి సగం ఒప్పుకున్నట్టే. "సరే, తొడుగులు చినిగినయని రాస్త. అంతే చాలు," అన్నాడు.

మొగులప్ప వింటాడా? ఏళ్లుగా మైకు పట్టిన నోరది. "దగ్గు రాయి. దగ్గంటే పైవాళ్ల గుండె కరుగుతది."

"దగ్గెందుకన్నా, కంప్యూటర్ ఎక్కడన్న గట్ల రాస్తదా?"

"రాయమన్న గద!"

మర్నాడు కంప్యూటర్ ధోరణిలోనే పొడిపొడిగా, ఇంగ్లీషులో పోయింది: సంచుల విభాగం. మూడో నంబరు. దుమ్ము ఎక్కువ. దగ్గు ఎక్కువ. పని తక్కువ.

గంట తిరక్కుండా జవాబు వచ్చింది: మూడో నంబరు విప్పేయండి. కొత్తది బిగించండి. పాతది తుక్కులో వేయండి.

హెడ్డాఫీసు వాళ్లు దగ్గును మిషన్ చప్పుడనుకున్నారు. ఏ మిషన్ దగ్గుతుందని ఒక్కడు అడిగితే ఒట్టు. రామచందర్‌కు మాత్రం మూడో నంబరంటే ఎవరో బాగా తెలుసు. గొట్టం నిక్షేపంగా ఉంది, దగ్గేది నర్సప్పే. ఏడాది పాటు అర్జీల మీద కూర్చున్న మనిషి ఆ పూటే లేచాడు. నర్సప్ప దగ్గరి హాజరు బిళ్ల లాక్కుని, మర్పల్లి నుంచి పిలిపించిన ఒక పిల్లగాణ్ణి ఆ చోట నిలబెట్టాడు.

"మనిషిని తుక్కుల ఏస్తరా సార్?" అని మొగులప్ప ఎగిరాడు.

"పైనుంచి ఆర్డర్ మొగులప్పా. నా చేతుల ఏమున్నది? అయినా తుక్కులెక్కడ ఏసినం? గేటు బయట నిలబెట్టినం, అంతే గద."

ఆ మాట రాయించింది తనేనని మొగులప్ప చెబితే నజీర్ నౌకరీ ఊడుతుంది. చెప్పకపోతే నర్సప్పది ఊడినట్టే. మేనేజర్‌కు చెప్పకుండానే బయటికి నడిచాడు. గేటు బయట నర్సప్పకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు.

నర్సప్ప తిట్టలేదు. చేతులు జోడించాడు. "దండం పెడత మొగులన్నా. ఇగ నా గురించి ఏం రాయించకు."

ఆ మాట మొగులప్పకు చెప్పుదెబ్బలా తగిలింది. గేటు లోపలికి పోయి పని ఆపమని అరిచాడు. సంచులు నింపేవాళ్లందరూ ఎక్కడివాళ్లు అక్కడ చతికిలబడ్డారు. మర్పల్లి పిల్లగాడు కూడా ఎందుకో తెలియకుండానే కూర్చున్నాడు. సంచులు కదలకపోతే సిమెంటు ఎక్కడికి పోతుంది? గోదాము గొంతుదాకా నిండింది. ఇప్పుడు నిజంగా కంప్యూటరే కొట్టడం మొదలుపెట్టింది: గోదాము నిండింది. గోదాము నిండింది. నజీర్ ఒక్క ముక్క తగ్గించకుండా అన్నీ పంపాడు.

ఏం చెడింది, వెంటనే చెప్పండి, అని హెడ్డాఫీసు గద్దించింది.

కూలీలతో గొడవేమీ లేదని వారం వారం రాసిన చెయ్యి రామచందర్‌ది. సమ్మె అని ఇప్పుడెట్లా రాస్తాడు? బుర్ర గోక్కుని రాయించాడు: కొత్త మూడో నంబరు సరిగా కూర్చోవడం లేదు. దానివల్ల మిగతావి కూడా ఆగాయి. పాతదే బిగించడానికి అనుమతి కోరుతున్నాము.

జవాబు: బిగించండి. మళ్లీ చెడకుండా దుమ్ము తొడుగులు మార్చండి. లారీలో పంపుతున్నాం.

నర్సప్ప బిళ్ల నర్సప్పకు వచ్చింది. తొడుగులూ వచ్చాయి. మొగులప్ప గేటు దగ్గర మీటింగు పెట్టి, ఇది సంఘం గెలుపని గొంతు చించుకున్నాడు. చప్పట్లు లేవు. తొడుగులు ఏ టెలెక్స్‌తో వచ్చాయో అప్పటికే అందరికీ తెలుసు. ఐదో నంబరు దగ్గర పనిచేసే మల్లప్ప లేచి నిలబడ్డాడు.

"మొగులన్నా, నాకు నడుము పట్టేసింది. కంప్యూటర్‌ల రాయించరాదే?"

"థూ! మనుషులమని చెప్పుకోనీకే గదరా సంఘం పెట్టింది!"

"మనుషులకు తొడుగులు రాలే గదన్నా," అన్నాడు నర్సప్ప మెల్లగా. "నాకైతే మూడో నంబరే మంచిగున్నది."

"అరే, తొడుగులు తెచ్చింది కంప్యూటర్ గాదురా! మీరంత కూసున్నరు, గందుకు వచ్చినయి!"

"మేం కూసున్నమని పైకి ఎవరు రాసిండ్రు?" అన్నాడు మల్లప్ప. "రాయంది వాళ్లకెట్ల ఎరుక?"

మొగులప్ప గట్టిగా తిట్టడానికి నోరు తెరిచాడు. మల్లప్ప అప్పటికే నడుము పట్టుకుని నజీర్‌ను వెతుక్కుంటూ పోతున్నాడు.